నిప్పుల మీద నిలబడ్డవాళ్లు

మా అన్న శంకరయ్య నిప్పుల గుండం మధ్యలో ఆగి, భుజం మీంచి జారిన తువ్వాలను వంగి తీసుకున్నాడు. దాన్ని దులిపి, మళ్లీ భుజాన వేసుకుని, అప్పుడు అవతలి గట్టు ఎక్కాడు. అది 1988 మాఘమాసం. మా ఊరి గుట్ట మీద జాతర, అప్పుడే పొద్దు పొడుస్తోంది. ఎవరో చెబితే విన్నది కాదు, నేను పదడుగుల దూరంలో నిలబడి చూశాను.

మా ఊరు నిడమనూరు పక్కన. గుట్ట మీది శివుడికి మూడు రోజులు జాతర జరుగుతుంది. మూడోనాడు తెల్లవారగానే గుండం తొక్కుతారు. తుమ్మ మొద్దులు కాల్చి, పన్నెండడుగుల పొడవున నిప్పులు పరుస్తారు. మొక్కు ఉన్నవాళ్లు కోనేట్లో మునిగి, తడిబట్టలతో శివుణ్ణి తలుచుకుని అరుస్తూ దాటతారు. దాటడమంటే ఉరకడమే. నాలుగు అంగలు వేసి, ఐదో అంగకు అవతలి బురదలో ఉండాలి. అక్కడికి చేరాక అందరి మొహాలూ ఒకే తీరుగా ఉంటాయి. పళ్లు బిగించి ఉంటారు, కళ్లలో నీళ్లు తిరుగుతుంటాయి. అయినా ఎవరూ అమ్మా అనరు. మా గుట్టకు ఒక కట్టుబాటు ఉంది మరి. ఒళ్లు శుద్ధంగా ఉన్నవాడికి కాలదు. బొబ్బ లేచిందంటే వాడు ఏదో తప్పు చేసినట్టే. అందుకని కాలినవాళ్లు ఇంటికి పోయి, తలుపు గడియ పెట్టుకుని, ఆముదం రాసుకునేవాళ్లు. మా ఊళ్లో జాతర మర్నాడు సగం ఇళ్లకు తలుపులు వేసే ఉండేవి.

అలాంటి గుండంలో మా అన్న నిలబడ్డాడు. డప్పులు ఆగిపోయాయి. అన్న మొహంలో బాధ లేదు, భక్తి కూడా లేదు. బజారులో తువ్వాల పడితే తీసుకునే మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. మడమల పక్క నుంచి సన్నగా పొగ లేస్తోంది. ఆడవాళ్లు ఒక్కసారిగా గొల్లుమని వచ్చి అన్న కాళ్ల మీద పడ్డారు. బిందెలతో నీళ్లు పోసి, కాళ్లు కడిగిన ఆ నీళ్లను చెంబుల్లో పట్టి పిల్లల నెత్తిన చల్లారు. అబద్ధమెందుకు, నాకు మాత్రం భక్తి కలగలేదు. భయం వేసింది. నిప్పుల మీద నిలబడ్డ మనిషి మొహం అలా ఉండకూడదు.

మా అన్న నాకంటే పదేళ్లు పెద్ద. నాయిన పోయాక నన్ను పెంచింది అన్నే. అప్పట్లో సాగర్ ఎడమ కాలువ మీద లష్కరు పని చేసేవాడు. కాలువ గట్టు వెంట నడుస్తూ తూములు తిప్పాలి, గండ్లు పడ్డాయేమో చూసుకోవాలి. రోజుకు పది పన్నెండు మైళ్ల నడక. బడి లేని రోజు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీసుకుపోయేవాడు. చెప్పులు ఉండేవి కావు. "ముల్లు గుచ్చుకోదా అన్నా?" అంటే, "గుచ్చుకుంటది. గుచ్చుకుంటేనే గదనే తీసి పారేస్తం" అనేవాడు.

ఆ కాలువే మా బతుకులు మార్చింది. జొన్న చేలు పోయి ఎటు చూసినా వరి వచ్చింది. మిర్యాలగూడలో రైసు మిల్లులు లేచాయి. జొన్న గటక తింటామని చెప్పుకోవడం నామోషీ అయింది. 1983లో అన్నకు మిర్యాలగూడ మిల్లులో గుమస్తా పని దొరికింది. కూర్చోను కుర్చీ, నెత్తిమీద ఫ్యాను, గంటకో చాయ్. మూడు పూటలా మల్లెపువ్వులాంటి పాలిష్ బియ్యం అన్నం. ఇంటికీ మిల్లుకూ మధ్య రెండు ఫర్లాంగులు కూడా లేదు, దానికీ ఒక లూనా బండి కొన్నాడు. రెండేళ్లలో పొట్ట వచ్చింది. శంకరయ్యకు దశ తిరిగిందని ఊరంతా అన్నారు. నేనూ సంతోషపడ్డాను. పొట్ట లేని గుమస్తాను ఎవరు గౌరవిస్తారు?

నేను సూర్యాపేటలో ఒక డాక్టర్ సారు దగ్గర ల్యాబు పని చేసేదాన్ని. పెళ్లి సంగతి అడగకండి, అది నడవలేదు. నా పని మూత్రం పరీక్ష. గాజు గొట్టంలో కాస్త నీలి మందు పోసి, ఎనిమిది చుక్కలు మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ అంటూ రంగు మారేకొద్దీ చక్కెర ఎక్కువన్నట్టు. అన్నిటికంటే పైది ఇటుక రంగు. 1984లో నేను చేరినప్పుడు నెలకు ఒక్క గొట్టం ఎర్రగా మారితే గొప్ప. డాక్టర్ సారు కాంపౌండరును పిలిచి మరీ చూపించేవారు. 1988కి వచ్చేసరికి వారానికి నాలుగైదు ఎర్రబడుతున్నాయి, ఎవరూ ఎవరినీ పిలవడం లేదు. నేను పొద్దున తొమ్మిదింటికి స్టూలెక్కితే మళ్లీ సాయంత్రమే దిగేది. ఎదురు హోటలు నుంచి చాయ్, బన్ను అక్కడికే వచ్చేవి. నిజానికి ఆ ఉద్యోగం నాకు బాగా నచ్చింది.

జాతరైన నాలుగో రోజు అన్నను చూద్దామని మిర్యాలగూడ బయల్దేరాను. బస్సు దిగి చూసుకుంటే ఒక కాలికి చెప్పు లేదు. ఎక్కేటప్పుడు ఎవడో తొక్కి లాగేసి ఉంటాడని కండక్టరును నాలుగు దులిపి, రెండో చెప్పు కూడా అక్కడే విసిరేసి నడిచాను.

మా వదినె మణెమ్మది కోదాడ వైపు. గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుంది.

"జానకీ, నాకు భయంగా ఉంది. ఈ చీమల్ని చూడు. పంచదార డబ్బా ఒలికిందేమోనని ఇల్లంతా కడిగాను. పసుపు చల్లాను. పోవట్లేదు. మీ అన్నయ్య ఎక్కడ ఒంటికి కూర్చుంటే అక్కడికి వస్తున్నాయి. మిల్లు వెనక గోడ దగ్గర కూడా ఉన్నాయంట."

పెరట్లో నీళ్లు పోసుకునే జాలారి దగ్గర నేల కనిపించకుండా చీమలున్నాయి. అక్కడి నుంచి ఒక బారు గోడ వెంట లోపలికి పోతోంది. ఆ బారు వెంటే నేనూ పోయాను. మధ్యాహ్నం భోజనం చేసి అన్న మంచం మీద పడుకుని ఉన్నాడు. చీమలు మంచం కోడు ఎక్కి, అన్న పాదానికి చుట్టిన గుడ్డలోకి పోతున్నాయి. ఇంకో బారు ఆ గుడ్డలోంచి బయటికి వస్తోంది. అన్న హాయిగా గురక పెడుతున్నాడు.

గుడ్డ విప్పాను. అరికాలు మొత్తం బొబ్బలు లేచి, చితికి, తెల్లగా నానిపోయి ఉంది. మడమలో తుమ్మముల్లు ఒకటి విరిగి ఉంది. అది జాతర నాటిది కాదు, చుట్టూ నల్లబడి పాతదైపోయింది. నేను గోటితో ముల్లు లాగినా అన్న గురక మారలేదు.

వదినె ఖాళీ టానిక్ సీసాలో మూత్రం పట్టి ఇచ్చింది. సాయంత్రం సూర్యాపేట వచ్చి దీపం వెలిగించాను. ఆకుపచ్చ, పసుపు అంటూ ఆగలేదు, ఒక్క పొంగుకే ఇటుక రంగు తిరిగింది. స్టూలు మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. ఆదివారం మళ్లీ మిర్యాలగూడ పోయి, మాత్రలు అన్న ముందు పెట్టాను.

"అన్నా, నీకు చక్కెర బీమారి ఉన్నది. కాళ్లకు సోయి పోయింది. గందుకే నీకు నిప్పు తెలుస్తలేదు. కాలింది. సూడు, కాళ్లు ఎట్లున్నయో."

అన్న మాత్రలను పక్కకు జరిపాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ఐదేండ్ల సంది మిల్లు సేటు ముంగట చేతులు కట్టుకొని నిలబడుతున్న చెల్లె. మొన్న గా సేటే వచ్చి నా కాళ్లు మొక్కిండు. నా పుట్క మొత్తంల ఒక్క పొద్దు దేవుడు నన్ను సూసిండనుకున్న. నువ్వొచ్చి అది ఉచ్చల చక్కెర అంటున్నవ్."

"మాత్రలన్న మింగన్నా."

"మింగుత తియ్. గని కాళ్లు కాలినయని ఎవ్వరికన్న చెప్పితివా, నేను ఊళ్లె మొఖం ఎట్ల సూపెట్టాలె? శంకరయ్య ఏం పాపం జేసిండో అంటరు. చెప్పనని ఒట్టెయ్."

ఒట్టేశాను. నన్ను భుజాల మీద మోసిన మనిషి అడిగితే ఎలా వేయను? ఆ ఒట్టు ఒక్క అన్నకే పరిమితమైతే బాగుండేది.

మరుసటేడు కూడా అన్న గుండంలో నిలబడ్డాడు. 1990లో ఇంకొకడు నిలబడ్డాడు. పేరు మంగ్త్యా, తండా మనిషి. ఒకప్పుడు మిల్లులో బస్తాలు మోసేవాడు, తర్వాత లారీ డ్రైవరయ్యాడు. అన్న పక్కన మంగ్త్యా నిలబడి, తడి పంచె అంచులు పిండుకుని, తీరిగ్గా దాటాడు. మర్నాడు తండాకు తండా వచ్చి మొక్కింది. ఆరు నెలల తర్వాత మంగ్త్యా భార్య లక్ష్మీబాయి సూర్యాపేటలో నా బల్ల మీద ఒక టానిక్ సీసా పెట్టింది. "దప్పికైతదట అక్కా. రాత్రంత నీళ్లు తాగుతడు" అంది. కాచాను. ఎర్రగా మారింది. డాక్టర్ సారు మందులు రాశారు. కాళ్ల సంగతి నేను ఎత్తలేదు. ఎత్తితే మంగ్త్యాది బయటపడుతుంది, దాని వెనకే అన్నది బయటపడుతుంది.

1991లో నలుగురు. ఆ మరుసటి సంవత్సరం ఏడుగురు. గుట్టకు మహిమ పెరిగిందన్నారు. హుజూర్‌నగర్ నుంచి, కోదాడ నుంచి లారీలు కట్టుకుని జనం రావడం మొదలైంది. ఉరికి దాటే కుర్రాళ్లను ఇప్పుడు ఎవరూ చూడడం లేదు, నిలబడేవాళ్ల కోసమే వస్తున్నారు. నిలబడేవాళ్లంతా నలభై దాటినవాళ్లే, మిగతావారికంటే కాస్త కండపట్టి ఉన్నవాళ్లే. ఒక బడిపంతులు, ఒక బస్సు కండక్టరు, ఇద్దరు దుకాణదారులు. కుర్చీల్లో, సీట్లలో, గల్లాపెట్టెల వెనక కూర్చునేవాళ్లు. సంవత్సరం తిరిగేలోపు ఒక్కొక్కరి సీసా నా బల్ల మీదికి వచ్చేది. చీటీ మీద పేరు చూడగానే గుండంలో వాళ్ల మొహం గుర్తొచ్చేది. నేను దీపం వెలిగించేదాన్ని. ఏ రంగు వస్తుందో ముందే తెలుసు.

1993 జాతరలో పదకొండు మందిని లెక్కపెట్టాను. పొద్దు అప్పుడే ఎక్కుతోంది. పదకొండు మంది నిప్పుల మీద కదలకుండా నిలబడి ఉన్నారు. పాదాల దగ్గర పొగ లేస్తోంది. కాలిన తోలు వాసన వస్తోంది. దాన్ని జనం సాంబ్రాణి పొగతో కప్పేస్తున్నారు. ఒకాయన చెవి గోక్కుంటున్నాడు. ఇంకొకాయన జనంలో ఎవరినో గుర్తుపట్టి తలూపాడు. చచ్చిపోయినవాళ్లు నిలబడ్డా అలాగే ఉంటారేమో అనిపించింది. పక్కనున్న ముసలావిడ నన్ను పొడిచి, "మొక్కు బిడ్డా, మొక్కు" అంది. మొక్కాను.

ఆ ఎండాకాలమే అన్న కాలి చిటికెన వేలు పోయింది. మిట్టమధ్యాహ్నం మిల్లులో కుర్చీలోనే కునుకు తీస్తుంటే, బస్తాల వెనక నుంచి ఎలుక వచ్చి కొరికిందట. హమాలీ ఎవరో చూసి అరిచేవరకు అన్నకు తెలియదు. లేచి చూసేసరికి కుర్చీ కింద నెత్తురు మడుగు కట్టి ఉంది. ఎలుక పారిపోలేదు, అక్కడే కూర్చుని ఉందని ఆ హమాలీ చెప్పాడు. అన్నను బలవంతాన సూర్యాపేట తెచ్చాను. డాక్టర్ సారు వేలు తీసేశారు. వదినె ఇంట్లో వెతికితే నేను ఐదేళ్లుగా ఇచ్చిన మాత్రలన్నీ దేవుడి పటం వెనక దొరికాయి. ఒక్కటీ విప్పలేదు.

డాక్టర్ సారు నన్ను పక్కకు పిలిచారు. "జానకీ, ఆ కాలు ఇంకొక్కసారి కాలిందంటే మోకాలి దాకా తీయాలి. తీసినా మనిషి దక్కుతాడని నేను చెప్పలేను. నీకు చెప్పాను, ఇక నీ ఇష్టం."

ఆ రోజు అన్న మంచం పట్టె మీద కూర్చుని తలకాయ కొట్టుకున్నాను. "నువ్వు పోతే నాకెవ్వరున్నరే? నిన్ను మొక్కెటోళ్లు మస్తుమంది ఉంటరు. నాకు నువ్వొక్కనివే." కోపం వస్తే అన్నతో కూడా 'ఏమే' అన్నట్టే మాట్లాడేస్తాను, నా నోరు అంతే. అన్న నా నెత్తిన చెయ్యి పెట్టి, ఇక గుండం తొక్కనని ఒట్టేశాడు. మాత్రలు కూడా మింగడం మొదలుపెట్టాడు. ఆరు నెలలు చీమలు రాలేదని వదినె ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్ని సంచీలో పెట్టుకుని తిరిగాను.

1994 జాతరకు నేను పోవద్దనుకున్నాను. మూడోనాడు ఎందుకో మనసు ఆగక, తెల్లారగట్ల బస్సెక్కి వచ్చాను. గుట్ట కింద చెప్పులు విడిచి, మెట్లెక్కుతుంటే వదినె ఎదురొచ్చింది. ఏడుస్తోంది.

"ఊరికే చూసి వద్దామన్నాడు జానకీ. గుడి దగ్గరికి రాగానే జనం చుట్టుముట్టారు. శంకరయ్య లేకపోతే గుండం ఎట్లాగంటూ ఎత్తుకుపోయారు. ఆయన కూడా వద్దనలేదు."

జనాన్ని తోసుకుంటూ పోయాను. నిప్పుల మీద ఆ ఏడాది పద్దెనిమిది మంది ఉన్నారు. నడుమ మా అన్న. వేలు తీసిన కాలికి కట్టిన గుడ్డ అంచు అంటుకుని మెల్లగా కాలుతోంది. అన్న దాన్ని చూడడం లేదు, ఆకాశం వైపు చూసి నవ్వుతున్నాడు. "అన్నా, బయటికి రా!" అని అరిచాను. డప్పుల్లో వినపడలేదు. పక్కన నిలబడ్డ మంగ్త్యా మాత్రం నన్ను చూసి నవ్వాడు.

నేను గుండంలోకి దిగాను.

మొక్కు లేదు, మునక లేదు, పొడి చీరే. నాకు వేరే ఆలోచన లేదు, ఆ గుడ్డ ఆర్పాలి, మనిషిని లాగాలి, అంతే. మనుషుల మధ్య నుంచి పోయి అన్న రెక్క పట్టుకున్నాను. అన్న కదల్లేదు. బరువైన మనిషి. నిలబడి రెండు చేతులా గుంజాను. ఏం తిట్టానో నాకే తెలియదు. చివరికి అవతలి బురదలోకి ఇద్దరం కలిసి పడ్డాం. ముందు అన్న కాలి గుడ్డ మీద బురద కుమ్మరించాను.

డప్పులు ఆగిపోయాయి.

ఆడవాళ్లు ఉరికొస్తుంటే అన్న కోసమనుకుని, "దూరం పోండ్రి" అని అరిచాను. వాళ్లు అన్న దగ్గరికి పోలేదు. నా చుట్టూ చేరారు. ఎవరో నా పాదాలకు పసుపు రాస్తున్నారు. ఎవరో బిందెడు నీళ్లు పోస్తున్నారు. "జానకమ్మ గూడ నిలబడ్డది. అన్నకు తగ్గ చెల్లె" అని ముసలావిడ ఏడుస్తోంది.

వంగి చూసుకున్నాను. కుడి అరికాలికి నిప్పు కణిక ఒకటి అతుక్కుని ఉంది, ఇంకా ఎర్రగానే ఉంది. తీద్దామని ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. వేలు మండుతోంది. కాలికి ఏమీ లేదు. కణిక అక్కడే ఉంది, దాని చుట్టూ చర్మం ముడుచుకుపోతోంది, ఆ కాలు ఎవరిదో అన్నట్టు నేను చూస్తున్నాను.

అన్న కూడా చూస్తున్నాడు. ఆరేళ్లలో మొదటిసారి అన్న మొహంలో భయం కనిపించింది. పాకుతూ నా దగ్గరికి వచ్చి, వట్టి చేత్తో ఆ కణిక తీసి పారేసి, నా పాదాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు.

"చెల్లె, కాలింది గదా? నొస్తుంది గదా? నొస్తుందని జెప్పు."

పదకొండు మందిని, పద్దెనిమిది మందిని లెక్కపెట్టినదాన్ని. వాళ్ల సీసాలన్నీ కాచినదాన్ని. పదేళ్లు అదే స్టూలు మీద కూర్చుని నా గొట్టం ఒక్కటీ కాచుకోలేదు.

"నొస్తుందన్నా. మస్తు మండుతుంది" అన్నాను.

అన్న నా మొహంలోకి చూశాడు. ఆ అబద్ధాన్ని గుర్తుపట్టడానికి అన్న కంటే తగినవాడు లేడు. నా పాదం పట్టుకుని అంతమంది ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత, చెంబులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ల వైపు తిరిగి, గుట్టంతా వినపడేలా అరిచాడు.

"కాలినయి! నా కాళ్లు ప్రతిసారి కాలినయి! ఆ నీళ్లు పారబోయున్రి, పోరగాళ్ల మీద సల్లకున్రి. ఇది దేవుడు గాదు, బీమారి!"

ఎవరూ పారబోయలేదు. పూనకం వచ్చిందనుకుని ఇంకా గట్టిగా దండాలు పెట్టారు. గుండంలో మిగిలిన పదిహేడు మంది కదలకుండా నిలబడే ఉన్నారు.

"పా చెల్లె. దవాఖానకు పోదాం. నువ్వు జూపిచ్చుకో, నేను గూడ జూపిచ్చుకుంట" అన్నాడు అన్న. ఒక పక్క వదినె, ఒక పక్క నేను పట్టుకుని అన్నను మెట్లు దింపాం. కింద నా చెప్పులు పెట్టినచోటే ఉన్నాయి. వేసుకుని బస్సు దాకా నడిచాను. రెండు చెప్పులూ కాళ్లకు ఉన్నాయో లేదో, అడుగడుక్కీ వంగి చూసుకుంటూ నడిచాను.